తేదీల్లో దాగిన లెక్కల పండగలు: మన తేదీ వరసకి నప్పేవి ఏవి, బళ్లో ఎలా జరపాలి

అయినవిల్లి_లెక్కలు:

కోనసీమ హైస్కూళ్ల గణిత క్లబ్బులకి ఏడాది పొడుగునా పనికొచ్చే తేదీల పట్టిక ఒకటి తయారుచెయ్యడానికి ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

దొరికే పట్టికలన్నీ అమెరికా వాళ్లవి. వాళ్లు నెల ముందు రాసి రోజు తరవాత రాస్తారు. అందుకే మార్చి 14 వాళ్లకి 3/14 అయి పై (π, వృత్తం చుట్టుకొలతని వ్యాసంతో భాగిస్తే వచ్చే 3.14) దినం అయింది. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరటోరియం అనే సైన్సు మ్యూజియంలో లారీ షా దీన్ని మొదలుపెట్టారు. ఇంగ్లీషులో అదే పలుకుతో ఒక తీపి వంటకం ఉంది కాబట్టి ఆ రోజు దాన్ని కోసి పంచుకుంటారు. 2019లో యునెస్కో ఇదే తేదీని అంతర్జాతీయ గణిత దినంగా ప్రకటించింది.

మన బోర్డు మీద మాత్రం ఆ రోజు 14/3 అని ఉంటుంది. అందులో 3.14 కనపడదు. పైగా మార్చి నడిమి అంటే పదో తరగతి పరీక్షల హడావుడి, ఒంటిపూట బడులు. పట్టికలోకి ఎక్కాలంటే మూడు ఉండాలని నా అభిప్రాయం. తేదీ మన వరసలో రాయగానే పిల్లలకి లెక్క కనపడాలి. ఆ రోజు బడి ఉండాలి. ఒక పీరియడులో చేతులతో చేసే పని ఉండాలి. తెలిసినవాళ్లు కొలతలతో సహా రాయండి.

వెనకా_ముందూ:

మన వరసలో 3.14 రావాలంటే 31/4 కావాలి. ఏప్రిల్‌కి 31 లేదు. కాబట్టి మనకి మిగిలింది 22/7, అంటే జులై 22. దీన్ని ఉజ్జాయింపు పై దినం అంటారు, రోజు ముందు రాసే దేశాల్లో ఇదే నడుస్తోంది.

దీన్ని రెండో రకం పండగలా చూడక్కర్లేదండీ. పై విలువ 3.14159. అందులోంచి 3.14 తీసేస్తే 0.00159 తేడా. 22/7 అంటే 3.142857, తేడా 0.00126 మాత్రమే. అంటే మార్చి 14 కన్నా జులై 22 పైకి దగ్గర! ఒకటి కొంచెం తక్కువ, ఇంకోటి కొంచెం ఎక్కువ, అంతే. ఆర్కిమిడీస్ 96 భుజాల బహుభుజితో లెక్కకట్టి పై విలువ 223/71 కన్నా ఎక్కువ, 22/7 కన్నా తక్కువ అని తేల్చాడు. పిల్లలు ఏడో తరగతి నుంచీ వాడుతున్న భిన్నం అదే. తేదీలో కనపడితే ఇంకేం కావాలి.

లంక_కొలత:

జులై 22కి నా ఓటు కూడా. కాకపోతే అది గోదావరికి వరద తగిలే రోజులు, లంక గ్రామాల పిల్లలు రాలేకపోవచ్చు, గ్రౌండులో ఏమీ పెట్టుకోకూడదు. వరండాలో అయ్యే పని చెప్తాను.

గుండ్రటి వస్తువుల చుట్టుకొలతని వ్యాసంతో భాగించడం. అందరూ చేయించేదే, అందరికీ 3.2, 3.25 అని వచ్చి పిల్లలు నిరాశపడేదీ ఇదే. కారణం పురికొస. పురికొసకి 2 మి.మీ. మందం ఉందనుకోండి. దాన్ని గ్లాసు చుట్టూ చుడితే మనం కొలిచేది గ్లాసుని కాదు, పురికొస మధ్యగా పోయే పెద్ద వృత్తాన్ని. 60 మి.మీ. గ్లాసుకి అది 62 మి.మీ. వ్యాసం ఉన్న వృత్తం, చుట్టుకొలత 194.8. దాన్ని 60తో భాగిస్తే 3.246. అదే పురికొసతో 200 మి.మీ. పళ్లెం కొలిస్తే 3.173. 640 మి.మీ. సైకిల్ చక్రానికి 3.151. వస్తువు పెద్దదయ్యేకొద్దీ తప్పు తగ్గుతోంది. ఈ మూడూ వరసగా కొలిపించి ఎందుకిలా అని పిల్లల్నే అడగండి, ఆ పీరియడు సార్థకం.

పురికొస మానేసి నోటుపుస్తకం కాగితాన్ని వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి చుట్టండి. రెండు కొసలు ఒకదాని మీద ఒకటి పడ్డచోట గుండుసూదితో గుచ్చి, విప్పి, రెండు చిల్లుల మధ్య దూరం కొలవాలి. తడిసిన పట్టీ సాగుతుంది, చేతులు తుడుచుకోమనండి.

వ్యాసం దగ్గర ఇంకో తప్పు. స్కేలు కేంద్రం మీదుగా పోకపోతే కొలత ఎప్పుడూ తగ్గుతుంది, పెరగదు. 20 సెం.మీ. పళ్లేనికి స్కేలు కేంద్రం నుంచి 1 సెం.మీ. పక్కకి పోతే 19.9 వస్తుంది, జవాబు 3.157 అవుతుంది. పళ్లెం ఒక అంచుని గోడకి ఆనించి, రెండో అంచుకి గోడకి సమాంతరంగా చెక్క ఆనించి, గోడకీ చెక్కకీ మధ్య కొలవండి. అప్పుడు కేంద్రం ఎక్కడో వెతుక్కోనక్కర్లేదు.

చక్రం దొర్లించే పద్ధతి కూడా బాగుంటుంది, టైరు మీద సుద్దగీత పెట్టి 5 చుట్లు. వానాకాలం గచ్చు మీద తడి ఉంటే జారుతుంది, జారితే దూరం తప్పు. గాలి తక్కువున్న టైరు నొక్కుకుపోయి దూరం తగ్గుతుంది. గాలి కొట్టించి తెమ్మనండి.

ఈనెపుల్ల:

చుట్టుకొలత లేకుండా, వృత్తమే లేకుండా పై రాబట్టే పని ఒకటుంది. మన దగ్గర దానికి కావలసిన సరుకు పెరట్లోనే ఉంటుంది. కొబ్బరి ఈనెలు.

ఫ్రాన్సుకు చెందిన బఫన్ 1777లో ప్రచురించిన లెక్క ఇది. నేల మీద సమాన దూరంలో సమాంతర గీతలు గీసి, అంతే పొడవున్న పుల్లల్ని విసిరితే, ఒక పుల్ల గీతని దాటి పడే అవకాశం 2 బై పై, అంటే 0.6366. విసిరిన సంఖ్యని రెట్టింపు చేసి దాటిన వాటితో భాగిస్తే పై దగ్గరికి వస్తుంది.

గచ్చు మీద 5 సెం.మీ. ఎడంగా సుద్దగీతలు. ఈనె మొదలూ చివరా వదిలేసి, మధ్య భాగాన్ని సరిగ్గా 5 సెం.మీ. ముక్కలు 50 కొయ్యండి. నడుమెత్తు నుంచి ఒక్కొక్కటీ వేళ్లతో తిప్పి వదలాలి. గుప్పెడు ఒకేసారి వదిలితే అన్నీ ఒకే దిక్కుకి పడతాయి, లెక్క పాడు. 50 పుల్లలు 20 సార్లు, మొత్తం 1000. దాటేవి 637 దరిదాపుల్లో ఉండాలి. మూడింట రెండు వంతుల సందర్భాల్లో 622కీ 652కీ మధ్య పడతాయి, అంటే పై 3.07 నుంచి 3.22 దాకా. ఒక్కో జట్టు వెయ్యేసి వేసి, అన్ని జట్లవీ కలిపితే ఇంకా దగ్గరవుతుంది. ఒక జట్టుకి 3.10 వచ్చిందని మళ్లీ వేయించకండి, బాగా వచ్చినవే ఏరుకుంటే అది ప్రయోగం కాదు.

ఎక్కడ తేడా కొడుతుందంటే ముందుగా పొడవు. 5 సెం.మీ. అనుకుని 4.8 కోస్తే పై 3.27 వస్తుంది. రెండోది గీత మందం. సుద్దముక్క పడుకోబెట్టి లావుగా గీసి, గీతని తాకిన ప్రతిదీ లెక్కేస్తే జవాబు 3 కిందకి పడిపోతుంది. సన్నగా గియ్యండి, లేదా గీతకి ఎడమ అంచునే గీత అనుకోండి. మూడోది ఫ్యాను. ఉక్కగా ఉన్నా సరే ఆపెయ్యాలి, ఈనెలు కొట్టుకుపోతాయి.

వంగిన ఈనెల గురించి ఒక చక్కటి సంగతి ఉంది. వాటిని పారెయ్యనక్కర్లేదు. వంగిన పుల్ల ఒకే గీతని రెండుసార్లు దాటితే దాన్ని రెండుగా లెక్కేస్తే చాలు, సగటు మారదు. పొడవు మాత్రం వంపు వెంబడి 5 ఉండాలి.

అయినవిల్లి_లెక్కలు:

ఈనెలది తప్పకుండా పెడదాం. 22/7 ఖాయం. డిసెంబరు 22 రామానుజన్ పుట్టినరోజు, జాతీయ గణిత దినం, అది ఎలాగూ ఉంటుంది. మిగతావి చెప్పండి.

పంచాంగం_పక్కన:

డిసెంబరు 22కి ముందు రోజుని కూడా కలుపుకోండి. లీపు కాని ఏడాదిలో డిసెంబరు 21 సంవత్సరంలో 355వ రోజు. మధ్యాహ్నం 1 గంట 13 నిమిషాలకి గంట కొట్టించండి. 355ని 113తో భాగిస్తే 3.1415929, ఆరు దశాంశ స్థానాల దాకా పై. ఇంత చిన్న అంకెలతో ఇంత దగ్గరగా వచ్చే భిన్నం ఇంకోటి లేదు. లీపు సంవత్సరంలో 355వ రోజు డిసెంబరు 20కి జరుగుతుంది, పట్టికలో ఆ మాట రాయండి. 314వ రోజు కూడా ఉంది, నవంబరు 10, లీపులో 9.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. ఇంగ్లీషు తేదీల్లో 3/14 మనకి కుదరదు సరే, మన నెలల్లో చూశారా? చైత్రం ఒకటి, వైశాఖం రెండు, జ్యేష్ఠం మూడు. మూడో నెల పద్నాలుగో తిథి అంటే జ్యేష్ఠ శుద్ధ చతుర్దశి. మర్నాడే ఏరువాక పున్నమి! డెల్టాలో అరక కట్టే పండగకి ముందు రోజు మన పై దినం. కొన్నేళ్లు బళ్లు తెరవకముందే వచ్చినా, చాలా ఏళ్లు బళ్లు తెరిచిన రోజుల్లో పడుతుంది, పరీక్షలూ ఉండవు.

పాటించేటప్పుడు రెండు జాగ్రత్తలు. తిథి అంటే సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు ఎడం జరిగే కాలం. చంద్రుడి వేగం ఒకేలా ఉండదు కాబట్టి ఒక తిథి సుమారు 19 గంటల్లో అయిపోవచ్చు, 26 గంటలూ పట్టచ్చు. అందుకే గంటలు లెక్కపెట్టకుండా సూర్యోదయానికి చతుర్దశి ఉన్న రోజుని తీసుకోండి. రెండు సూర్యోదయాలకీ ఉంటే మొదటిది చాలు. క్షయమై ఏ సూర్యోదయానికీ లేకపోతే అది నడిచే రోజే. రెండోది, అధికమాసం. 2026లో జ్యేష్ఠమే అధికం, అంటే మూడో నెల రెండుసార్లు వస్తుంది. ఏరువాక నిజ జ్యేష్ఠంలో కాబట్టి మన చతుర్దశీ నిజంలోదే.

వెనకా_ముందూ:

పంచాంగం గారూ, చాలా బాగుంది, కానీ ఏటా తేదీ మారుతుంది. అయినవిల్లి మాష్టారి మొదటి షరతు బోర్డు మీద తేదీ రాయగానే కనపడాలని. ఇది కనపడదు కదా.

పంచాంగం_పక్కన:

బోర్డు మీద ఇంగ్లీషు తేదీ పక్కన 3/14 అని మాసం, తిథి కూడా రాయిస్తే కనపడుతుందండీ. తేదీ మారడమే ఇక్కడ పాఠం. ఏడో తరగతి పిల్లలు పంచాంగం తెరిచి నెల, పక్షం, తిథి చదవడం ఆ వంకన నేర్చుకుంటారు.

కటపయాది:

నేను పంచాంగం గారి వైపు. ఆ రోజుకి ఇంకో పని కూడా ఇస్తాను, కటపయాది పద్ధతిలో మాటలతో అంకెలు చెప్పడం. కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్లకి మేళకర్తల (మూల రాగాల) పేర్లలో తెలిసిందే. క నుంచి ఝ దాకా 1 నుంచి 9, ఞ సున్న. ట నుంచి ధ దాకా 1 నుంచి 9, న సున్న. ప ఫ బ భ మ 1 నుంచి 5. య ర ల వ శ ష స హ 1 నుంచి 8. సంయుక్తాక్షరంలో చివరి హల్లుకే విలువ. గుణింతానికి విలువ లేదు. వచ్చిన అంకెల్ని వెనక నుంచి చదవాలి. మేచకల్యాణిలో మొదటి రెండక్షరాలు మ 5, చ 6, తిప్పితే 65, అది 65వ మేళకర్త. ధీరశంకరాభరణంలో ధ 9, ర 2, తిప్పితే 29.

ఇప్పుడు తేదీలకి మాటలు కట్టండి. వాకిలి: వ 4, క 1, ల 3. తిప్పితే 314. ఏరువాక ముందు రోజు వాకిట్లో పెద్ద వృత్తం ముగ్గు వేయించడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు. 22/7కి సరేరా: 7, 2, 2, తిప్పితే 227. రెండు పైల విలువ 6.28, దాన్ని టౌ అంటారు, అమెరికా వరసలో జూన్ 28 దాని దినం. మన వరసలో కుదరకపోయినా మాట మాత్రం కుదిరింది, హరిత: 8, 2, 6, తిప్పితే 628. డిసెంబరు 21కి మామిడి: 5, 5, 3, తిప్పితే 355. బుట్టకి: 3, 1, 1, తిప్పితే 113. బుట్టకి మామిడి అని గుర్తుపెట్టుకుంటే 113కి 355, ఆరు దశాంశాలు నోట్లో ఉన్నట్టే.

పిల్లలు తప్పేది మూడు చోట్ల. ల, ళ తేడా పట్టించుకుని ఆగిపోతారు. ళని కూడా 3గా తీసుకోమని ముందే నియమం పెట్టండి. పూర్ణానుస్వారానికి విలువ ఇస్తారు, ఇవ్వకూడదు. తిప్పడం మర్చిపోతారు. గోపీభాగ్య అని మొదలయ్యే పై శ్లోకం ఒకటి ప్రచారంలో ఉంది, దాన్ని మాత్రం తిప్పకుండా తిన్నగా చదవాలి. అందులో 31 అంకెలు సరిగ్గా వస్తాయి, 32వది శ్లోకంలో 2 వస్తుంది, అసలు అంకె 5. ఆ ఒక్కటీ పిల్లల చేత పట్టించండి.

ఆర్యభటుడి మాట కూడా ఆ రోజు చదివిస్తే బాగుంటుంది. 20,000 వ్యాసానికి 62,832 చుట్టుకొలత అన్నాడు, అంటే 3.1416. అది ఆసన్నం అని, దగ్గరి విలువే అని కూడా తనే చెప్పాడు.

వంటింటి_జ్యామితి:

అమెరికాలో వాళ్ల తీపి వంటకం కోస్తారు, మనకి దిబ్బరొట్టె లేదూ? గుండ్రంగా, మందంగా, కొయ్యడానికి వీలుగా. వృత్తం వైశాల్యం సూత్రం ఎక్కడ నుంచి వచ్చిందో దానితో చూపించచ్చు.

20 సెం.మీ. అడుగున్న మూకుడుకి 200 మి.లీ. గ్లాసుతో ఒక గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ. పప్పు నాలుగు గంటలు నానబెట్టి, నీళ్లు తక్కువ పోసి గట్టిగా రుబ్బాలి. రవ్వ కడిగి, నీళ్లు పిండేసి, రుబ్బినదాంట్లో కలపాలి. ఉప్పు, చెంచా జీలకర్ర. మూకుడులో మూడు చెంచాల నూనె కాగాక పిండంతా వేసి సమంగా సర్ది, మూత పెట్టి, చిన్న సెగ మీద 25 నిమిషాలు, తిరగేసి ఇంకో 10. మూకుడు అడుగు చదునుగా ఉండాలి. గుంటమూకుడులో వేస్తే నడుమ మందం, అంచు పల్చన, ముక్కలు పక్కపక్కన కూర్చోవు. సెగ పెద్దదైతే పైన మాడి లోపల పిండిగానే ఉండి కత్తికి అంటుకుంటుంది.

దించాక 20 నిమిషాలు ఆరనివ్వండి. వేడి మీద కోస్తే పొడిపొడి అవుతుంది. కాగితాన్ని రొట్టె అంత గుండ్రంగా కోసి నాలుగుసార్లు మడిస్తే 16 భాగాలు పడతాయి, విప్పి రొట్టె మీద పరిచి మడతల కొసల దగ్గర పుల్లతో గుర్తులు పెట్టాలి. తడిపిన కత్తితో గుర్తు నుంచి ఎదుటి గుర్తుకి. ఇప్పుడు ముక్కల్ని ఒకటి మొన పైకి, ఒకటి మొన కిందకి పేర్చండి. ఇంచుమించు దీర్ఘచతురస్రం వస్తుంది. ఎత్తు వ్యాసార్థం 10 సెం.మీ., పొడవు చుట్టుకొలతలో సగం. 8 ముక్కలు చేసి మొనల మధ్య తిన్నగా కొలిస్తే పొడవు 30.6, 16 చేస్తే 31.2, ముక్కలు పెరిగేకొద్దీ 31.4కి చేరుతుంది. పొడవు పై సార్లు వ్యాసార్థం, ఎత్తు వ్యాసార్థం, గుణిస్తే సూత్రం. వెంటనే కొబ్బరి పచ్చడితో పంచెయ్యచ్చు.

తాపీమట్టం:

అందరూ పై చుట్టూనే తిరుగుతున్నారు. పైథాగరస్ తేదీలు చూడండి, మన వరసలోనూ పనిచేస్తాయి, రోజూ నెలా తారుమారైనా వర్గాల మొత్తం మారదు కదా. రోజు వర్గం, నెల వర్గం కలిపితే సంవత్సరం చివరి రెండంకెల వర్గం రావాలి. 3/4/05, 5/12/13 అలాంటివి. 15/8/17 కూడా: 225, 64 కలిపితే 289, అది 17 వర్గం. స్వాతంత్ర్య దినోత్సవం నాడే పడింది. 2025లో 24/7 వచ్చింది.

నెల 12 దాటదు, రోజు 31 దాటదు కాబట్టి అన్నీ వెతికితే శతాబ్దానికి 12 మాత్రమే దొరుకుతాయి, 05కీ 26కీ మధ్యనే. ఆఖరిది 24/10/26. శనివారం. 576, 100 కలిపితే 676, అది 26 వర్గం. దాని తరవాత మళ్లీ 2105 మార్చి 4 దాకా లేదు. ఇప్పుడు బడిలో ఉన్న పిల్లలకి ఇదే ఆఖరి అవకాశం, పట్టికలో మొదటి వరసలో పెట్టండి.

పని: మూలమట్టం లేకుండా లంబకోణం వెయ్యడం. 10, 24, 26 కలిపితే 60. ఒక్కో భాగం 20 సెం.మీ. అనుకుంటే 12 మీటర్ల దారం. 2 మీటర్ల దగ్గర, అక్కణ్ణుంచి 4.8 దగ్గర, మిగిలిన 5.2 తిరిగి మొదటికి. మూడు మేకులు, ముగ్గురు పిల్లలు. 2, 4.8 కలిసే మూల 90 డిగ్రీలు.

ముడులు వేసి గుర్తు పెట్టద్దు, ఒక్కో ముడి రెండు సెంటీమీటర్లు తినేస్తుంది. మేస్త్రీలు వాడే నైలాను దారం మీద రంగు పెన్నుతో గియ్యండి. కొబ్బరి తాడు అసలు వద్దు, లాగినకొద్దీ సాగుతుంది. కర్ణం 2 సెం.మీ. ఎక్కువైతే మూల 90.6 డిగ్రీలవుతుంది. అదే 3, 4, 5 మీటర్లతో వేస్తే 2 సెం.మీ. తప్పుకి 90.5. పొట్టి భుజం చిన్నదైతే తప్పు పెరుగుతుందని గుర్తుంచుకోండి. అర డిగ్రీ తప్పు చిన్నదే అనిపిస్తుంది గానీ, 30 అడుగుల గోడ చివరికి వెళ్లేసరికి మూడంగుళాలు పక్కకి పోతుంది. ఇంట్లో గచ్చుబండలు పరిచేటప్పుడు చివరి వరస ఏటవాలుగా కొయ్యాల్సి రావడానికి కారణం ఇదే.

వెనకా_ముందూ:

వర్గమూల దినం అంటే రోజూ, నెలా రెండూ సంవత్సరం చివరి రెండంకెలకి వర్గమూలమయ్యే తేదీ. అది కూడా రోజూ నెలా ఒకటే కాబట్టి రెండు వరసల్లోనూ ఒకటే. 1981 సెప్టెంబరు 9న, 9/9/81న, కాలిఫోర్నియాలో రాన్ గోర్డన్ అనే ఉపాధ్యాయుడు మొదలుపెట్టారు. శతాబ్దానికి తొమ్మిది. 1/1/01, 2/2/04, 3/3/09, 4/4/16, 5/5/25, తరవాత 6/6/36. మధ్య ఎడాలు చూడండి: 3, 5, 7, 9, 11. వరస బేసి సంఖ్యలు, ఎందుకంటే వరస వర్గాల తేడా ఎప్పుడూ అంతే.

6/6/36 శుక్రవారం, కానీ బళ్లు అప్పటికి తెరవకపోవచ్చు. అందుకని పట్టికలో కింద పెట్టుకోవచ్చు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి వెనక నుంచి చదివినా ఒకటే అయ్యే తేదీలు. 22/02/2022 అందరికీ గుర్తే. వచ్చేది 03/02/2030, తరవాత 13/02/2031, 23/02/2032. సంవత్సరం 20తో మొదలైతే నెల తప్పనిసరిగా 02, కాబట్టి ఈ శతాబ్దంలో ఇవన్నీ ఫిబ్రవరిలోనే. ఫిబ్రవరిలో ఒక్కో రోజుకి ఒక్కోసారి, సరిగ్గా 29! 10/02/2001 నుంచి 29/02/2092 దాకా. 2092 లీపు సంవత్సరం కాబట్టే ఆ చివరిది దక్కింది. 30/02/2003 అనేది పుట్టలేదు. గోడ మీద ఫిబ్రవరికి 29 గళ్లు గీసి, ఒక్కో గడిలో సంవత్సరం పిల్లల చేత నింపించండి. రోజు అంకెలు తిప్పి 20 పక్కన పెట్టడమే, 17 అయితే 2071. ఖాళీ ఉంటే నవజీవన, కిటికి, జలజ లాంటి మాటలు ఏరించండి.

వంటింటి_జ్యామితి:

వర్గమూల దినానికి అమెరికాలో దుంపల్ని చతురస్రంగా కోస్తారట. మనకి కందమూలాలు ఉండనే ఉన్నాయి. కందని 12 సెం.మీ. పలకగా తీసి, 2 సెం.మీ. చతురస్రాలు కోస్తే ఆరు వరసలు, ఆరు నిలువులు, 36 ముక్కలు. 6/6/36. కందలో కాల్షియం ఆక్సలేటు సూదుల వల్ల చేతులు దురద పెడతాయి, పిల్లల చేత కోయించకండి. పెద్దవాళ్లు చేతులకి నూనె రాసుకుని, తడి లేకుండా కొయ్యాలి. ముక్కలు చింతపండు నీళ్లలో ఉడికించి వార్చాకే కంద బచ్చలి కూరలోకి.

లంక_కొలత:

జనవరి 27 కూడా రాసుకోండి. 27/1 అంటే 2.71, e అనే అక్షరంతో రాసే సంఖ్య (2.71828) మొదలు. గణతంత్ర దినం మర్నాడు. చక్రవడ్డీతో చూపించడం తేలిక. రూపాయికి ఏడాదికి రూపాయి వడ్డీ, ఊళ్లో లెక్కలో నెలకి నూటికి 8 రూపాయల 33 పైసలు. ఏడాదికోసారి కడితే 2 రూపాయలు. నెలనెలా అసల్లో కలిపితే 2.613. రోజూ కలిపితే 2.7146. ఎంత తరచుగా కలిపినా 2.71828 దాటదు. ఫోన్ క్యాలిక్యులేటర్‌లో 1.00273 అని కుదించి 365సార్లు గుణిస్తే జవాబు 2.705కి పడిపోతుంది. 1ని 365తో భాగించి, దానికి 1 కలిపి, అంకెలు కుదించకుండా 365 ఘాతం వెయ్యాలి.

కటపయాది:

11/11 సంగతి మర్చిపోకండి. మహావీరాచార్యుడి గణితంలో, పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చిన గ్రంథానికి మూలంలో, పూలహారంలా రెండు వైపులా ఒకేలా ఉండే లబ్ధాలు ఉన్నాయి. 152207ని 73తో గుణిస్తే 11111111. 139ని 109తో గుణిస్తే 15151. 14287143ని 7తో గుణిస్తే 100010001. నవంబరు 11న క్యాలిక్యులేటర్ లేకుండా చేతితో చేయించండి.

అయినవిల్లి_లెక్కలు:

పట్టిక ఇలా పెడుతున్నాను: జనవరి 27, ఫిబ్రవరి గళ్లు, నిజ జ్యేష్ఠ శుద్ధ చతుర్దశి, 22/7, 24/10/26, 11/11, డిసెంబరు 21, 22. వెనకా ముందూ గారూ, చతుర్దశిని తీసెయ్యలేదు, మాసం తిథి బోర్డు మీద రాయించే షరతు మీద ఉంచాను. ఒక సందేహం. ఈనెలు పచ్చివి కోసుకోవచ్చా, చీపురు విప్పి తీసుకోవాలా?

ఈనెపుల్ల:

పచ్చివి ముందు కొయ్యకండి. ఆకు చీల్చి తీసిన ఈనెల్ని కట్ట కట్టి నీడలో వారం ఆరబెట్టి, ఆరాకే 5 సెం.మీ. ముక్కలు చెయ్యండి. పచ్చిగా కోస్తే ఆరేటప్పుడు వంపు తిరుగుతాయి. పాత చీపురు పుల్లలైతే నేరుగా కోసుకోవచ్చు, కానీ కొసలు అరిగి సన్నబడి ఉంటాయి, ఆ భాగం వదిలెయ్యండి. 50 కావాలంటే 60 కోసుకోండి, విరిగేవి పోను సరిపోతాయి.